మైకు లెక్క, మీటరు లెక్క

దేశంలో చమురు, గ్యాస్ ఉత్పత్తి మాట రేగితే మా కుటుంబంలో ఇద్దరికి పొసగదు. ఒకరు మావయ్య. ఉద్యోగమంతా రిగ్గుల మీదే చేసి రాజమండ్రిలో స్థిరపడ్డ డ్రిల్లింగ్ ఇంజనీరు. రెండోది ఆయన మేనకోడలు. హైదరాబాదులో ఒక బ్యాంకులో విద్యుత్ ప్రాజెక్టుల అప్పులు చూస్తుంది. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్‌ను నమ్మి ఇచ్చిన అప్పులు ఏమయ్యాయో ఫైళ్ళలో చదివిన మనిషి. వాళ్ళ వాదన కుదించి రాస్తున్నాను. మధ్యలో నేను తలదూర్చిన చోట్లు కుండలీకరణాల్లో ఉన్నాయి.

మేనకోడలు: మావయ్యా, 2011-12లో మన దేశం తీసిన ముడి చమురు 3.8 కోట్ల టన్నులు. 2024-25లో తీసింది 2.87 కోట్లు. పదమూడేళ్ళలో నాలుగో వంతు హరించుకుపోయింది. ఈ మధ్యలో ఎన్ని కొత్త విధానాలు, ఎన్ని వేలాలు, ఎన్ని సదస్సులు! 2022 నాటికి దిగుమతుల మీద ఆధారపడటం పది శాతం తగ్గించుకుందామని 2015లో ప్రధానే పిలుపిచ్చారు. అప్పుడు 77 శాతమని చెప్పుకున్నది ఇప్పుడు 88 దాటింది. నేలలో లేనిదాన్ని సభలో పిలిస్తే వస్తుందా?

మావయ్య: రెండు సంగతులు కలిపేశావమ్మాయ్. దిగుమతి శాతం పెరగడానికి ఉత్పత్తి తగ్గడం చిన్న కారణం. వాడకం పెరగడం పెద్ద కారణం. నువ్వు చెప్పిన ఆ 2011-12లో దేశం వాడిన పెట్రో ఉత్పత్తులు 15 కోట్ల టన్నుల లోపు. ఇప్పుడు 24 కోట్ల దగ్గరున్నాం. బావులు తగ్గించింది కోటి టన్నుల లోపు, బళ్ళు పెంచింది 9 కోట్లు. రోడ్డు మీద నేరానికి రిగ్గును బోనెక్కిస్తే ఎలా?

మేనకోడలు: అది నా వాదనకే బలం కదా. రేపు ఏ మాయో జరిగి మీ ఉత్పత్తి రెట్టింపైందే అనుకోండి. అప్పుడు కూడా దాదాపు ముప్పావు వంతు బయటి నుంచే తెచ్చుకోవాలి. అలాంటప్పుడు స్వయంసమృద్ధి అన్న మాట నోటికి ఎలా వస్తుంది?

మావయ్య: నా నోటికి ఎప్పుడూ రాలేదు. అది మైకు ముందు నిలబడేవాళ్ళ మాట. నేనడిగేది ఇంతే, ఉత్పత్తి గీత కింద ఏముందో ఒకసారి చూడు. 1889లో అస్సాంలో డిగ్బోయ్ దగ్గర చమురు పడింది. 1956లో ఓఎన్‌జీసీ పుట్టాక గుజరాత్‌లో అంకలేశ్వర్ దొరికింది. ఇంతా చేసి 1980-81లో దేశమంతా కలిపి తీసింది కోటి టన్నులే. అదే 1989-90కి 3.4 కోట్లయింది. సాగర్ సమ్రాట్ రిగ్గు 1974లో ముంబయికి 160 కిలోమీటర్ల దూరాన సముద్రంలో బాంబే హై పట్టుకుంది కాబట్టి అయింది. 1976లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ ఒక్క క్షేత్రం ఒక దశలో ఏడాదికి రెండు కోట్ల టన్నులు పోసింది. ఎనభైల మధ్యలో దేశం అవసరంలో మూడింట రెండొంతులకు పైగా మన చమురే. ఆ గీతను దేశం కథ అనుకుంటారు గానీ, అది రెండు మూడు క్షేత్రాల జాతకం.

మేనకోడలు: ఆ జాతకంలోనే 1992-93 కూడా ఉంది. 2.7 కోట్లకు పడిపోయింది. అది ఎవరి పుణ్యం?

మావయ్య: మావాళ్ళ పుణ్యమే. నేల కింద చమురు మడుగు కట్టి ఉండదు. రాతి రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటుంది, లోపలి ఒత్తిడి దాన్ని పైకి తోస్తుంది. గోలీ సోడా కొట్టగానే పొంగుతుందా, ఆ గ్యాస్ కాస్తా పోయాక సీసాలో ఎంత మిగిలినా తనంతట పైకి రాదు. ఎనభైల చివర్లో అంకెలు చూపించాలన్న తొందరలో బాంబే హై బావుల్ని శక్తికి మించి పారించారు. చమురుతో పాటు గ్యాస్ ఎక్కువ ఎగదన్నింది, ఒత్తిడి పడింది, కొన్ని బావులు మూయాల్సి వచ్చింది. మళ్ళీ నీళ్ళు ఎక్కించి, కొత్త బావులు వేసి దాన్ని నిలబెట్టడానికి ఏళ్ళు పట్టింది.

మేనకోడలు: దిల్లీ అంకె అడిగింది, మీరు బావిని పిండారు. నేను కూడా అదే అంటున్నాను. మన దగ్గర ముందు అంకె పుడుతుంది, దాని వెనకాల చమురు వెతుక్కుంటాం.

(ఈ అంకెల భాష కూడా ఒక తెర. మన పత్రికల్లో చమురు ఒక పేరాలో టన్నుల్లో, ఇంకో పేరాలో బ్యారెళ్లలో ఉంటుంది. గ్యాస్ నిల్వ ఘనపుటడుగుల్లో, ఉత్పత్తి ఘనపు మీటర్లలో ఉంటుంది. పాఠకుడు లెక్క అడగకుండా ఉండాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.)

మేనకోడలు: గ్యాస్‌కే వద్దాం. మన కాకినాడ ఎదురుగా లోతు సముద్రంలో, కేజీ-డీ6 బ్లాకులో, 2002లో రిలయన్స్‌కు గ్యాస్ తగిలింది. 2006లో ఆమోదించిన ప్రణాళికలో తీయగలిగేది సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులు, రోజువారీ ఉత్పత్తి 8 కోట్ల ఘనపు మీటర్లు. 2009 ఏప్రిల్‌లో గాడిమొగ తీరానికి గ్యాస్ వచ్చింది. అక్కణ్ణుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టం. దేశం గ్యాస్ ఉత్పత్తి 2008-09లో 3,280 కోట్ల ఘనపు మీటర్లు ఉన్నది 2010-11కి 5,220 కోట్లకు ఎగిరింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసులో అందరి నోటా ఇదే మాట, దేశం దశ తిరిగిందని. డీ6 రోజుకు 6 కోట్లు దాటిందో లేదో, చూపు కిందికే. 8 కోట్లు ఒక్కనాడూ రాలేదు. 2012 వచ్చేసరికి నిల్వ అంచనాను 3 లక్షల కోట్ల ఘనపుటడుగుల దగ్గరికి కోసేశారు. 2020 ఫిబ్రవరిలో ఆ బ్లాకులోని తొలి గ్యాస్ క్షేత్రాలు డీ1, డీ3 ఆగిపోయాయి. 2020-21లో దేశం మొత్తం గ్యాస్ ఉత్పత్తి 2,870 కోట్లు. అసలు డీ6 మొదలవకముందు ఉన్నదానికంటే తక్కువ!

మావయ్య: అక్కడ గ్యాస్ ఉన్నది సముద్రగర్భంలో ఎప్పుడో పూడిపోయిన కాలువల ఇసుకలో. పైనుంచి సర్వేలో చూస్తే అంతా ఒకటే నిల్వలా కనిపిస్తుంది. తీయడం మొదలయ్యాక అది అనుకున్నంతగా కలిసి లేదని తేలుతుంది. అనుకున్నదానికంటే ముందే నీళ్ళు వస్తాయి, వెనకే ఇసుక వస్తుంది. బావులు చాలినన్ని వేయలేదని, కేంద్రం తరఫున క్షేత్రాలను పర్యవేక్షించే డీజీహెచ్ అంది. నేలే అలా ఉందని కంపెనీ అంది. ఖర్చులు రాబట్టుకోవడం మీద తగువు ఆర్బిట్రేషన్ దాకా వెళ్ళింది. నా అనుభవం అడిగితే, ఇలాంటి చోట రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంటుంది.

మేనకోడలు: తగువు ఎవరు గెలిచినా నా ఫైళ్ళు మారవు. ఆ 8 కోట్లు అన్న అంకె చూసి ఏమేం కట్టారో గుర్తుందా? వేమగిరి, సామర్లకోట, కొండపల్లి, కోనసీమ... వరసగా గ్యాస్ విద్యుత్ ప్లాంట్లు. 2013 మార్చి నుంచి వాటికి డీ6 గ్యాస్ సున్నా. దేశం మొత్తం మీద 14 వేల మెగావాట్లకు పైగా సామర్థ్యం గ్యాస్ లేక నిలబడిపోయింది. సామర్లకోటలో రిలయన్స్ పవర్ 2,400 మెగావాట్లకు తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్ వెళ్ళాయి. యంత్రం ఓడెక్కి ఇంకో దేశంలో బతుకుతుంది. అప్పు ఎక్కడికి పోతుంది? మీ లెక్కలో ఒక బావి పోయింది. మా లెక్కలో డిపాజిటర్ల డబ్బు పోయింది.

మావయ్య: రవ్వ పేరు విన్నావా?

మేనకోడలు: విన్నాను. చిన్న క్షేత్రం.

మావయ్య: చిన్నదని మొదట్లో అందరూ అన్నారు. అమలాపురం దగ్గర ఎస్. యానాం ఎదురుగా 1987లో ఓఎన్‌జీసీ కనిపెట్టింది. 1994 ఒప్పందంతో ప్రైవేటు కంపెనీలు వచ్చి చేరాయి, తర్వాత నడిపింది కెయిర్న్. తీయగలిగేది 10 కోట్ల బ్యారెళ్లని మొదటి అంచనా. ఇప్పటికి దానికి మూడు రెట్లు వచ్చింది. ఏం మంత్రం వేశారనుకున్నావు? ఒత్తిడి పడకుండా నీళ్ళు ఎక్కించారు. తీసేకొద్దీ లోపల ఏం మారిందో మళ్ళీ మళ్ళీ సర్వే చేశారు. పక్కన మిగిలిపోయిన చిన్న చిన్న గూళ్ళు వెతికి పట్టుకున్నారు. ఏ మంత్రీ వచ్చి కొబ్బరికాయ కొట్టలేదు, పేపర్లో మొదటి పేజీ వార్త రాలేదు. డీ6 కథ దేశమంతా తెలుసు, రవ్వ కథ కోనసీమలోనే సగం మందికి తెలీదు.

మేనకోడలు: ఒక్క రవ్వను చూపించి సముద్రమంతా అదే అంటే ఒప్పుకోను. దాని పక్కనే దీన్‌దయాళ్ క్షేత్రం ఉంది. గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్‌పీసీది. 2005లో అక్కడ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించారు. దేశంలోనే పెద్ద నిక్షేపం అన్నారు. ఆ కంపెనీ అప్పుల్లో మునిగింది. 2017లో ఓఎన్‌జీసీ దాదాపు 8 వేల కోట్లు పోసి 80 శాతం వాటా కొనాల్సి వచ్చింది. ప్రభుత్వ సంస్థ డబ్బంటే మీ పింఛన్ ఇచ్చే సంస్థల డబ్బే కదా మావయ్యా.

మావయ్య: ఆ 20 అన్న మాటకు మేం రిగ్గు మీద నవ్వుకున్నాం. అక్కడ వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, రాయి బిగుసుకుని ఉంది. గ్యాస్ ఉన్నా బయటికి రానివ్వని రాయి అది. దాని గురించి నీతో పోట్లాడను.

మేనకోడలు: హమ్మయ్య, ఒక్కటైనా.

మావయ్య: సంబరపడకు. అసలు సంగతి వేరే ఉంది. ఈ దేశంలో అవక్షేప బేసిన్లు 26, విస్తీర్ణం 33 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. చమురూ గ్యాసూ తీస్తున్నది ఏడెనిమిదింటిలోనే. మిగతాచోట్ల లేదని నువ్వు ఎలా చెప్తావు? రాజస్థాన్ ఎడారిలో ఏమీ లేదనుకుని షెల్ తన వాటా కెయిర్న్‌కు అమ్మేసి పోయింది. 2004 జనవరిలో బాడ్‌మేర్ దగ్గర మంగళ క్షేత్రం బయటపడింది. ఆ క్రూడులో మైనం ఎక్కువ. కాస్త చల్లబడితే గొట్టంలో గడ్డకడుతుంది. అందుకని గుజరాత్ తీరం దాకా సుమారు 670 కిలోమీటర్ల గొట్టాన్ని దారి పొడవునా వేడి చేస్తూ తీసుకెళ్ళారు. 2009 ఆగస్టులో ఉత్పత్తి మొదలై, ఆ బ్లాకు రోజుకు రెండు లక్షల బ్యారెళ్ల దాకా ఎక్కింది. నువ్వు మొదట చెప్పిన 3.8 కోట్ల టన్నుల శిఖరం ఉంది చూడు, అది దాని చలవే. అంతకుముందు పదేళ్ళుగా 3.3 కోట్ల చుట్టూనే తిరుగుతున్నాం.

మేనకోడలు: ఇప్పుడు అది కూడా సగానికి పడింది.

మావయ్య: పడుతుంది. ప్రతి క్షేత్రమూ పడుతుంది. కానీ దాన్ని కనిపెట్టినవాడికి మనం చేసిన మర్యాద విను. 2015లో పాత తేదీ లావాదేవీ మీద 10 వేల కోట్లకు పైగా పన్ను కట్టమని నోటీసు ఇచ్చాం. 2020లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో ఓడాం. ఆ తర్వాత చట్టం మార్చుకుని, వసూలు చేసిన డబ్బు తిరిగిచ్చాం. 2022 జులైలో ధర పెరిగింది కదా అని దేశీయ క్రూడు మీద టన్నుకు 23,250 రూపాయల విండ్‌ఫాల్ పన్ను వేశాం. పెంచుతూ తగ్గిస్తూ 2024 డిసెంబరులో ఎత్తేశాం. ఎండిపోయిన బావి ఖర్చు నీది, ధర పెరిగిన రోజున లాభం నాది అంటే సముద్రంలో వేల కోట్లు పోసేది ఎవడు?

మేనకోడలు: పన్నుల వల్లే పోయారన్నది మీ పరిశ్రమ వాళ్ళు ఎప్పుడూ పాడే పాట. 1999లో మొదలుపెట్టిన నెల్ప్ అనే అన్వేషణ విధానం కింద తొమ్మిది విడతల్లో 254 బ్లాకులు ఇచ్చాం. అప్పటికి మీరు చెప్పే నోటీసులు లేవు, విండ్‌ఫాల్ లేదు. అయినా మంగళ తర్వాత అంత పెద్ద చమురు క్షేత్రం ఒక్కటి కూడా దొరకలేదే! చమురు నిజంగా దండిగా ఉన్నచోట కంపెనీలు తుపాకుల మధ్య కూడా తవ్వుతాయి. ఇరాక్‌లో తవ్వడం లేదా? నైజీరియాలో తవ్వడం లేదా?

(మావయ్య దగ్గర దీనికి సూటిగా జవాబు లేదు. ఉందనుకోను కూడా. కానీ ఆ వెంటనే ఆయన వేసిన లెక్క ఈ వాదన మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన ముక్క.)

మావయ్య: సరే, కొత్త క్షేత్రాల మాట వదిలేయ్. పాతవాటి లెక్క చెప్తాను. వయసు మీదపడ్డ క్షేత్రం దాన్ని దానికి వదిలేస్తే ఏటా ఏడెనిమిది శాతం తగ్గుతుంది. ఏడే వేసుకో. పదమూడేళ్ళు వదిలేస్తే ఎంత మిగులుతుంది? నీ సెల్లులో కొట్టి చూడు.

మేనకోడలు: ...నలభై శాతం లోపు.

మావయ్య: మిగిలింది డెబ్బై అయిదు. ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? అహ్మదాబాద్, మెహసానాల్లో పాత బావులకు మళ్ళీ ప్రాణం పోసినవాళ్ళ నుంచి, మంగళలో నీళ్ళలో పాలిమర్ కలిపి ఎక్కించినవాళ్ళ నుంచి, బాంబే హైలో పక్కబావులు వేసినవాళ్ళ నుంచి. ప్రపంచం మొత్తం మీద చూసినా ఒక క్షేత్రంలో ఉన్న చమురులో సగటున మూడో వంతే పైకి వస్తోంది. మిగతాది రాతిలోనే ఉంది, ఎక్కడుందో కూడా మనకు తెలుసు. 2025లో ఓఎన్‌జీసీ బాంబే హై కోసం బీపీని పదేళ్ళకు సాంకేతిక సాయానికి పిలిచింది అందుకే. ఇంకో అయిదు శాతం పైకి తేగలిగితే అది ఒక కొత్త క్షేత్రంతో సమానం. దానికి వేలం అక్కర్లేదు, సదస్సు అక్కర్లేదు.

మేనకోడలు: ఈ లెక్క ఏ మంత్రీ చెప్పడేం?

మావయ్య: ఇంకా ఎక్కువ తగ్గేదాన్ని ఆపాం అంటే చప్పట్లు కొట్టేదెవరు?

మేనకోడలు: చప్పట్ల కోసం మళ్ళీ మన సముద్రాన్నే వాడుతున్నారు. డీ6 పక్కనే ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు. తొలి చమురు 2020లో అన్నారు, వచ్చింది 2024 జనవరి 7న. రోజుకు 45 వేల బ్యారెళ్లు అన్నారు, మొదటి ఏడాది దాన్ని అందుకోలేదు.

మావయ్య: ఆలస్యమైంది, కాదనను. డీ6లోనే రిలయన్స్, బీపీ కలిసి 2020 డిసెంబరు నుంచి 2023 జూన్ లోపల తెచ్చిన మూడు కొత్త క్షేత్రాల మాటేమిటి? అందులో ఒకటి 2,000 మీటర్లకు మించిన లోతు నీళ్ళలో ఉంది. రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా ఇచ్చాయి. దేశం తీసే గ్యాస్‌లో దాదాపు 30 శాతం. 2020-21లో 2,870 కోట్లకు పడ్డ దేశం ఉత్పత్తి 2023-24కి 3,640 కోట్లకు లేచింది వాటి వల్లే. చచ్చిపోయిందన్న బ్లాకే లేచి కూర్చుంది.

మేనకోడలు: 2024-25లో మళ్ళీ 3,610. లేచి కూర్చుంది గానీ నడవడం లేదు. దేశం వాడే గ్యాస్‌లో సగం ఓడల్లో ఎల్‌ఎన్‌జీగా వస్తోంది. ఇంతకీ ఈ గ్యాస్ వల్ల మన తీరానికి ఏమొచ్చింది? సముద్రంలో దొరికింది రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం కేంద్రానిది. రాయల్టీ రాష్ట్రానికి దక్కేది నేల మీద బావుల నుంచే. మరి ప్రమాదాలు? 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలితే 65 రోజులు మండింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా పోయారు.

మావయ్య: నగరంలో పేలింది బావి కాదమ్మా, గొట్టం. ఉత్పత్తి చేసేవాళ్ళకూ దానికీ—

మేనకోడలు: పోయినవాళ్ళకు ఆ తేడా ఏమిటి మావయ్యా?

(ఇక్కడ నేను మేనకోడలి పక్షం. గొట్టం ఎవరిది, బావి ఎవరిది అన్న పంపకం ఆఫీసుల్లో చెల్లుతుంది. కోనసీమలో కొబ్బరితోటల కింద నుంచి పోయే లైన్ల పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి చెల్లదు. సముద్రం గ్యాస్ మీద తీర రాష్ట్రానికి ఏదో ఒక రూపంలో వాటా ఉండాలన్నది కూడా న్యాయమైన కోరికే.)

మావయ్య: ఆ విషయంలో నీతో వాదించను. కానీ తవ్వడం ఆపమంటావా? అండమాన్‌లో 2025 సెప్టెంబరులో శ్రీ విజయపురం-2 బావిలో గ్యాస్ ఆనవాళ్ళు దొరికాయి.

మేనకోడలు: దొరకడమేంటి, అంతకుముందే మంత్రి హర్‌దీప్ సింగ్ పురి అక్కడ గయానా దేశంలో దొరికినంత చమురు ఉండొచ్చన్నారుగా!

మావయ్య: గయానా అనడం ఆయన ఇష్టం. నేను మాత్రం అనను. ఒక బావిలో గ్యాస్ తగిలితే అది ఒక బావిలో గ్యాస్ తగిలిందన్న మాటే. ఆ పొర ఎంత దూరం పరుచుకుంది, ఎన్నేళ్ళు వస్తుంది, తీస్తే గిట్టుతుందా అన్నది చుట్టూ ఇంకొన్ని బావులు వేసి, పారించి చూస్తే గానీ ఎవరికీ తెలీదు. అందుకే వేయనివ్వమంటున్నాను. పదింట్లో ఏడు ఎండిపోయినా సరే.

మేనకోడలు: వేయండి. ఎండిపోయే బావుల ఖర్చు మీ కంపెనీలు భరించినంతకాలం నాకు అభ్యంతరం లేదు. ఆ గ్యాస్ పేరు చెప్పి ప్లాంటు కడతాం, అప్పు ఇవ్వండని ఎవరైనా వస్తే మాత్రం నేను సంతకం పెట్టను. ముందు రెండేళ్ళ పాటు గొట్టంలో పారిన గ్యాస్ మీటరు రీడింగు తెమ్మంటాను.

మావయ్య: నీ కుర్చీలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. 2006లో మీవాళ్ళు ఒక్కరూ అడగలేదు, అంతే.

ఈ ఇద్దరిలో ఎవరి వైపున్నా సరే, పాఠకులకు ఒక మనవి. దేశంలో ఏ నెల ఎంత చమురు, ఎంత గ్యాస్ తీశారో, ఎంత దిగుమతి చేసుకున్నారో పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్ ప్రతి నెలా పట్టికలు వేసి ప్రచురిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. ఈసారి ఏ వేదిక మీద నుంచైనా లక్షల కోట్ల ఘనపుటడుగుల మాట వినిపిస్తే, చప్పట్లు కొట్టే ముందు కిందటి నెల పట్టిక తెరిచి చూడండి.